దీపం ఆరిందా, ఆర్పారా?

కిందటి ఆదివారం వారమ్ పెర్సీలో, కప్పు లేని చర్చి గోడ పక్కన నిలబడి ఉండగా, ఒక తండ్రి తన ఏడెనిమిదేళ్ళ కూతురికి ఆ ఊరి కథ చెప్పడం విన్నాను. ఇక్కడ ఒక ఊరు ఉండేదట, ప్లేగు వచ్చిందట, అందరూ చచ్చిపోయారట, చర్చి ఒక్కటే మిగిలిందట. "అందరూనా?" అని అడిగింది పాప. "అందరూ" అన్నాడు ఆయన. ఆ తరువాత ఇద్దరూ చెరువు గట్టు మీద బాతులను చూడడానికి వెళ్ళిపోయారు.

నేను కలుగజేసుకోలేదు. ఊరూ పేరూ తెలియని మనిషి, సెలవు రోజున పిల్లతో షికారుకు వచ్చాడు, చెప్పిన దాంట్లో దురుద్దేశం ఏమీ లేదు. కానీ లీడ్స్‌లో ఇంటికి తిరిగి వచ్చేదాకా ఆ "అందరూ" అన్న మాట నన్ను తొలుస్తూనే ఉంది. ఎందుకంటే అది నిజం కాదు. వారమ్ పెర్సీ ప్లేగుతో చచ్చిపోలేదు. ప్లేగు వచ్చి వెళ్ళిన నూట యాభై ఏళ్ళ తరువాత, చివరికి మిగిలిన కొద్దిమందిని వెళ్ళగొట్టి, ఇళ్ళు పడగొట్టి, ఆ నేలను గొర్రెల మేతకు వదిలారు. ఆ పని చేయించినవాడికి ఒక పేరుంది, ఆ పేరు కాగితం మీద ఉంది. ఇంత ఉండగా మనం సూక్ష్మజీవి మీదికి ఎందుకు నెడతాం అన్నది నన్ను కొన్నేళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న. దాన్నే ఇక్కడ రాసుకుంటున్నాను.

వారమ్ పెర్సీ ఉత్తర ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ తూర్పున వోల్డ్స్ అనే సుద్దనేల గుట్టల మధ్య ఒక లోయ అంచున ఉంటుంది. కారు ఆపిన చోటు నుంచి ముప్పావు మైలు నడిచి లోయలోకి దిగాలి. పైన మిట్ట మీద పచ్చిక కింద చిన్న చిన్న గట్లు, పల్లాలు కనిపిస్తాయి. ఒక్కో గట్టు ఒక్కో ఇంటి పునాది. మన ఊళ్ళలో ఇలాంటి చోటును పాటిదిబ్బ అంటారు. అక్కడి మన్ను పొలానికి బలమని బండ్లతో తోలుకుపోవడం చిన్నప్పుడు చూశాను. వారమ్ పెర్సీ పాటిదిబ్బను మాత్రం ఎవరూ తోలుకుపోలేదు. 1948లో మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు దాన్ని చూశాడు. ఆయన అప్పుడే లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరాడు. ఇంగ్లండ్‌లో పాడుబడ్డ ఊళ్ళు పెద్దగా లేవని చరిత్రకారుల్లో చాలామంది నమ్ముతున్న రోజులవి. ఆ గట్ల కింద నిజంగా ఇళ్ళున్నాయని తేల్చడానికి 1950లో తవ్వడం మొదలుపెట్టాడు. రెండేళ్ళకు పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్ తోడయ్యాడు. అక్కడినుంచి 1990 దాకా, ప్రతి వేసవిలో కొన్ని వారాల పాటు, విద్యార్థులూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళూ తాపీలు పట్టుకుని ఆ నేలను పొర పొరగా విప్పారు. అలాంటి పాడుబడ్డ ఊళ్ళు ఇంగ్లండ్ మొత్తం మీద 3,000కు పైగా ఉన్నట్టు ఇప్పుడు తెలుసు.

గోడ చెప్పే లెక్క

ఊరి ఇళ్ళన్నీ నేలమట్టమయ్యాయి గానీ సెయింట్ మార్టిన్ చర్చి గోడలు నిలిచే ఉన్నాయి. చాలామంది దాన్ని అందమైన శిథిలంగా చూసి ఫోటో తీసుకుంటారు. నాకు మాత్రం అది జనాభా లెక్కల పుస్తకంలా కనిపిస్తుంది. 1962 నుంచి 1974 వరకు చర్చి లోపలా బయటా తవ్వినప్పుడు తేలింది కూడా అదే.

అన్నిటికంటే కింద, నేలలో గుంజలు పాతిన గుంటలు బయటపడ్డాయి. పదో శతాబ్దంలో అక్కడ ఒక చిన్న కట్టె చర్చి ఉండేది. దాని మీద రాతి చర్చి లేచింది. అది ఒక గది, దానికి తూర్పున గురువు పూజ జరిపే ఇంకో చిన్న గది, అంతే. పన్నెండో శతాబ్దంలో దాన్ని పెద్దది చేశారు, గోపురం కట్టారు. ఆ శతాబ్దం చివర దక్షిణపు గోడకు కమానులు తొలిచి, బయటికి ఒక వసారా దించారు. ఇంకొన్నాళ్ళకు ఉత్తరాన కూడా అలాగే ఒక వసారా దించారు. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళయి మనుషులు పెరిగినప్పుడు పక్కన వసారా దించినట్టే. ఊళ్ళో జనం పెరిగారు, లోపల చోటు చాలలేదు.

ఇప్పుడు దక్షిణపు గోడ ముందు నిలబడితే ఆ కమానులు కనిపిస్తాయి. కానీ వాటిలోంచి దారి లేదు. రాళ్ళు పేర్చి మూసేశారు, మూసిన చోట కిటికీలు పెట్టారు. బయటి వసారా లేదు. మధ్యయుగాల చివర జనం తగ్గాక రెండు వసారాలనూ కూల్చేశారు. ఆ తరువాత, పదిహేడో శతాబ్దంలో, తూర్పు గదిని కూడా కురచ చేశారు. చర్చి తన తొలి రూపం వైపు ముడుచుకుపోయింది.

మొదటిసారి ఆ గోడను చూసినప్పుడు నేను అక్కడినుంచి కదలలేకపోయాను. పెద్ద చర్చిల్లో ప్రతి తరం తన గొప్పను పైన పేర్చుకుంటూ పోతుంది. ఇక్కడ మనుషులు తగ్గుతున్నారన్న సంగతిని మేస్త్రీలు రాళ్ళతో రాసిపెట్టారు. కప్పు బాగుచేయడానికి డబ్బు చాలదు, నిండని చోటును ఎందుకు మోయాలి అని ఎవరో అన్నారు, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు, ఒక రోజు కమానులు మూసేశారు. ఆ మూసిన రాళ్ళలో ఏ ఒక్కటీ ప్లేగు పెట్టినది కాదు.

ప్లేగు కథలో చిక్కు

ఇక కాగితాల సంగతి. జమీందారు చనిపోయినప్పుడు ఆయన ఆస్తిని లెక్కగట్టే విచారణలు ఆ కాలంలో ఉండేవి. 1323 నాటి విచారణలో వారమ్ పెర్సీ భూమిలో మూడింట రెండు వంతులు బీడుగా పడి ఉందని, మిల్లులు పాడుబడ్డాయని రాశారు. అంటే ప్లేగు రావడానికి పాతికేళ్ళ ముందే ఊరు దెబ్బతిని ఉంది. 1315 నుంచి వరుసగా పంటలు పోయి ఐరోపా అంతటా కరవు వచ్చింది. 1322లో స్కాట్లండ్ సేనలు యార్క్‌షైర్ మీద పడి దోచుకున్నాయి. ఊరు వాటి నుంచి మెల్లగా తేరుకుంది.

ఆ తరువాత 1349లో ప్లేగు వచ్చింది. ఊళ్ళో చాలామంది పోయారనడంలో సందేహం లేదు. కానీ 1368 నాటి లెక్కలో సుమారు 30 ఇళ్ళలో మనుషులున్నారు. 1458 నాటికి అవి 16 అయ్యాయి. ప్లేగుకూ ఈ తేదీకీ మధ్య నాలుగు తరాలు గడిచాయి. ఆ తరాలు దున్నుకున్నాయి, పెళ్ళిళ్ళు చేసుకున్నాయి, పిల్లలకు ఆ చర్చిలోనే బాప్తిస్మం ఇప్పించుకున్నాయి. "అందరూ చచ్చిపోయారు" అన్న ఒక్క మాటతో ఇవన్నీ చెరిగిపోతాయి.

1517లో రాజు కొలువులో పెద్ద మంత్రి అయిన కార్డినల్ వుల్సీ ఒక విచారణ జరిపించాడు. 1488 నుంచి ఎవరెవరు సేద్యపు భూములను మేతభూములుగా మార్చారు, ఎవరెవరు రైతుల ఇళ్ళు పడగొట్టారు అని ఊరూరా అడిగించాడు. వారమ్ పెర్సీలో నాలుగు నాగళ్ళు ఆగిపోయాయని, నాలుగు ఇళ్ళు పాడుబడ్డాయని, అందుకు కారకుడు బారన్ హిల్టన్ అని అందులో నమోదైంది. హిల్టన్ వంశం కోట అక్కడికి చాలా దూరంలో, ఉత్తరాన సండర్లండ్ దగ్గర ఉంది. ఊరి యజమాని ఊళ్ళో మనిషి కాడు. ఉన్నికి మంచి ధర ఉంది, ధాన్యానికి లేదు, దున్నేవాళ్ళకు కూలి పెరిగింది. గొర్రెలకైతే ఒక కాపరి చాలు. లెక్క తేలిక.

ఇక్కడ ఒక స్నేహితుడి మాట ప్రస్తావించాలి. ఇదంతా చెప్పినప్పుడు ఆయన, "అయిదు వందల ఏళ్ళ కిందటి మనిషిని ఇప్పటి నీతితో కొలుస్తావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు ఆ కాలంలోనే ఉంది. రైతుల ఇళ్ళు పడగొట్టడాన్ని అడ్డుకోవడానికి ఇంగ్లండ్‌లో 1489లోనే చట్టం చేశారు. ఆ చట్టం పెద్దగా పని చేయలేదు కాబట్టే 1517లో విచారణ అవసరమైంది. అంటే అది తప్పని ఆ రోజుల్లోనే తెలుసు, చట్టసభకు తెలుసు, విచారణ ముందు నిలబడి హిల్టన్ పేరు చెప్పిన మనుషులకు తెలుసు. వాళ్ళు గుర్తుపెట్టుకుని చెప్పిన పేరును మనం మరిచిపోయి ప్లేగు అంటున్నాం.

నా వాదనలో బలహీనత

అయితే ఇంత గట్టిగా చెప్పిన తరువాత నన్ను నేను అడగక తప్పదు. హిల్టన్ వెళ్ళగొట్టింది ఎంతమందిని? నాలుగు ఇళ్ళు. 1458లో ఉన్నవి 16. మిగతా పన్నెండు ఏమయ్యాయి? 1368లో ఉన్న 30 ఇళ్ళలో సగం అంతకు ముందే ఎలా పోయాయి?

నిజం చెప్పాలంటే వాళ్ళలో చాలామంది తమంతట తామే వెళ్ళిపోయి ఉండాలి. ప్లేగు తరువాత దేశమంతటా మనుషుల కొరత వచ్చింది, కూలి రేట్లు పెరిగాయి, మంచి నేల ఉన్న ఊళ్ళలో ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. సుద్దగుట్ట మీద పలచని మట్టిని దున్నుకునే కుర్రాడికి లోయలో మంచి పొలం కౌలుకు దొరికితే ఎందుకు ఉంటాడు? ఆ లెక్కన చూస్తే ప్లేగుకూ పాత్ర ఉంది. ఊరిని చంపలేదు గానీ, ఊరు విడిచి వెళ్ళడానికి తలుపు తెరిచింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ వెళ్ళిపోవడం వాళ్ళలో కొందరికి మంచే చేసి ఉండవచ్చు. పోయిన ప్రతి ఊరూ విషాదమే అనుకోవడం పొరపాటు.

ఈ ఆలోచన దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. నూట యాభై ఏళ్ళ క్షీణతలో చివరి నాలుగు ఇళ్ళను పట్టుకుని ఒక మనిషిని నిందించడం సబబేనా?

సబబే అనుకుంటున్నాను, కారణం ఇది. ఊరు చిన్నదవడం వేరు, లేకుండా పోవడం వేరు. వోల్డ్స్‌లో ప్లేగు తరువాత సగానికి సగం తగ్గిపోయిన ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో జనం ఉన్నారు, బడులున్నాయి. నాలుగు ఇళ్ళ ఊరు మళ్ళీ నలభై ఇళ్ళ ఊరు కాగలదు. ఒక్క ఇల్లూ లేని ఊరు కాలేదు. నాలుగు నుంచి సున్నాకు రావడం అనే ఆ చివరి అడుగు దానంతట అది పడలేదు, ఒకరు వేయించారు.

మన రెవెన్యూ రికార్డుల్లో జనం లేని ఊరిని బేచిరాక్ గ్రామం అంటారు. పారసీ నుంచి వచ్చిన మాట, దీపం లేనిదని అర్థం. అందమైన మాటే గానీ దీపం ఎందుకు లేదో అది చెప్పదు. తెలుగులో చాలా క్రియలు జంటగా ఉంటాయి: ఆరు, ఆర్పు. కూలు, కూల్చు. మునుగు, ముంచు. మొదటిది వాడితే చేసినవాడు వాక్యంలో కనిపించనక్కరలేదు. రెండోది వాడామా, ఎవరు అన్న ప్రశ్న వెంటనే వచ్చి నిలబడుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం జలాశయం నీళ్ళ కింద ఉంది. అమ్మ దాని గురించి ఎప్పుడు చెప్పినా "మునిగిపోయింది" అంటుంది. అమ్మమ్మ బతికున్నంత కాలం ఒక్కసారి కూడా ఆ మాట అనగా వినలేదు. "ముంచారు" అనేది. ఆ నీళ్ళు ఎన్ని వేల ఎకరాలను తడుపుతున్నాయో మాకందరికీ తెలుసు, అమ్మమ్మకూ తెలుసు. ప్రాజెక్టు కట్టడం తప్పని ఆమె ఎప్పుడూ వాదించలేదు. క్రియను మాత్రం మార్చలేదు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర ఉండే కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని ఆ రోజుల్లో రాయి రాయి విప్పి అలంపురం దగ్గర మళ్ళీ నిలబెట్టారు. గొప్ప పని, చేయాల్సిన పనే. నేను రెండుసార్లు చూశాను. చూడడానికి వచ్చినవాళ్ళు శిల్పం గురించి అడుగుతారు, ఏ శతాబ్దం అని అడుగుతారు. గుడి చుట్టూ ఉండిన ఊరు ఎక్కడికి వెళ్ళిందని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు. నిలిచిన రాయి తన చుట్టూ ఉన్న మనుషుల లోటును కప్పేస్తుంది. వారమ్ పెర్సీ చర్చి దగ్గర ఆ తండ్రికి జరిగింది కూడా అదే కావచ్చు. అంత ప్రశాంతంగా ఉన్న చోట ఎవరో ఎవరినో గెంటేశారని ఊహించడం కష్టం. రోగం అయితే సులువుగా నమ్మవచ్చు.

గోడ కింద మనుషులు

చర్చి లోపలా, దాని సమాధుల తోటలోనూ 687 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎక్కువ భాగం మధ్యయుగాలవి. ఒకే పల్లె పారిష్‌కు చెందిన మామూలు రైతుజనం ఇంతమంది ఒకచోట దొరకడం అరుదు. రాజుల ఎముకలు, బిషప్పుల ఎముకలు ఎక్కడైనా దొరుకుతాయి. గొర్రెలు కాసినవాళ్ళవి, నాగలి పట్టినవాళ్ళవి ఇలా వందల లెక్కన ఎక్కడ దొరుకుతాయి?

వాటిని దశాబ్దాల పాటు చదివినవారిలో ముఖ్యుడు సైమన్ మేస్. ఆయనా ఆయన తోటివారూ తేల్చిన సంగతులు ఒక్కొక్కటీ ఆపి నిలబెడతాయి. వారమ్ పెర్సీలో పద్నాలుగేళ్ళ పిల్ల ఇప్పటి పదేళ్ళ పిల్లకంటే పెద్ద పొడవేమీ లేదు. తిండి చాలక, రోగాలతో ఎదుగుదల అంతగా వెనకబడింది. ఎముకలోని నత్రజనిని పరీక్షిస్తే, తల్లులు ఏడాదిన్నర దాకా పిల్లలకు పాలిచ్చారని తెలిసింది. తిండికి కటకటలాడిన ఊళ్ళో పసిపిల్లలను బతికించినది ఆ పాలే. ఇంకొక మగమనిషి, నలభై ఏళ్ళవాడు, పదకొండో శతాబ్దం ప్రాంతంవాడు. ఎవరో మొద్దు ఆయుధంతో తల మీద కొట్టారు, పుర్రె లోపలికి దిగిపోయింది. ఎవరో ఆ చోట చర్మం విప్పి, ఎముకను తొలిచి తీసి, మెదడు మీద ఒత్తిడి తగ్గించారు. గాయం మానింది, అతను బతికాడు. వైద్యం చదువుకున్నవాళ్ళు అడుగుపెట్టే అవకాశమే లేని ఒక పల్లెలో ఆ పని చేయగల చెయ్యి ఎవరిదో!

ఇవన్నీ ఉండగా 2017లో ప్రపంచ పత్రికలు వారమ్ పెర్సీ గురించి రాసిన మాట ఒక్కటే: జాంబీలు. దానికి ఆధారం లేకపోలేదు. ఇళ్ళ మధ్య గుంటల్లో, పవిత్ర స్థలానికి బయట, 1960ల తవ్వకాల్లో కొన్ని మనుషుల ఎముకలు దొరికాయి. 137 ఎముకలు, కనీసం పదిమందివి, పిల్లల నుంచి యాభై దాటినవాళ్ళ దాకా. కాల్చిన గుర్తులు, తలా మెడా దగ్గర కత్తి గాట్లు. పదకొండు నుంచి పద్నాలుగో శతాబ్దాల మధ్యవి. కరవులో మనుషులను తిన్నారా అన్న ప్రశ్న కూడా పరిశోధకులు వేసుకున్నారు, కానీ మాంసం కోసం కోస్తే గాట్లు కీళ్ళ దగ్గర ఉంటాయి. పరాయివాళ్ళు కాబట్టి అలా చేశారా అనుకుంటే, దంతాల రసాయనం ప్రకారం వాళ్ళు ఆ ప్రాంతం మనుషులే. చనిపోయినవాళ్ళు లేచి తిరుగుతారన్న భయంతో శవాలను ఛేదించి కాల్చి ఉంటారన్న వివరణ వాళ్ళకు ఎక్కువ పొసిగింది. పన్నెండో శతాబ్దం చివర, అదే యార్క్‌షైర్‌లో, న్యూబర్గ్ మఠానికి చెందిన విలియం అనే సన్యాసి శవాలు సమాధుల నుంచి లేచిన కథలను తన చరిత్రలో రాసిపెట్టాడు. కాబట్టి ఆ భయం ఆ నేలలో ఉంది.

ఇది ముఖ్యమైన పరిశోధన, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు పాళ్ళ మీద. పాలిచ్చిన తల్లుల వార్త ఎవరికీ చేరలేదు. తల గాయం మాన్పిన చెయ్యి ఎవరికీ గుర్తులేదు. 687 మందిలో లేని, గుంటలో దొరికిన ఆ పదిమంది ఊరికి పేరు పెట్టారు. ప్లేగు ఊరు, జాంబీ ఊరు. రెండు పేర్లలోనూ వాళ్ళు మనలాంటివాళ్ళు కారు. ఒకదాంట్లో అయ్యో అనిపించే గుంపు, ఇంకోదాంట్లో భయపెట్టే గుంపు. ఇల్లు ఖాళీ చేయమంటే గుమ్మంలో నిలబడి ఎటు వెళ్ళాలో ఆలోచించుకున్న మనిషి రెంటిలోనూ లేడు.

ఆ ఎముకలను తిరిగి ఖననం చేయాలా అన్న విషయంలో నాకు చాలాకాలం తేలలేదు. క్రైస్తవ విధితో, మళ్ళీ లేస్తామన్న నమ్మకంతో, తల పడమరకు పెట్టి పడుకోబెట్టిన మనుషులను పెట్టెల్లో ఉంచడం మనసుకు ఒప్పదు. అయితే పాలు మాన్పిన వయసు వంటివి తేల్చే పరీక్షలు తవ్వకాల నాటికి లేవు. ఆ రోజే పూడ్చి ఉంటే ఆ తల్లుల గురించి మనకు ఏమీ తెలిసేది కాదు. దక్షిణాన హంబర్ నది అవతల బార్టన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర 1978 నుంచి 1984 దాకా తవ్వి సుమారు 2,800 మందిని బయటికి తీశారు. తరువాత వాళ్ళను అదే చర్చిలోకి తెచ్చి, లోపల ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన గదిలో ఉంచారు. తమ చర్చి కప్పు కిందే ఉన్నారు, పరిశోధకులకూ అందుబాటులో ఉన్నారు. వారమ్ పెర్సీకి కప్పు లేదు కాబట్టి అది కుదరదు. కుదిరే చోట ఇదే పద్ధతి మంచిదని నా అభిప్రాయం.

ఊరు పోయిన తరువాత

ఇక చర్చి సంగతి. "చర్చి ఒక్కటే మిగిలింది" అన్నది ఆ తండ్రి మాటల్లో కొంత నిజం ఉన్న భాగం. కానీ ఇక్కడా అదే క్రియ సమస్య. అది మిగల్లేదు, మిగుల్చుకున్నారు.

మన కతోలిక సంఘాల్లో పారిష్‌ను విచారణ అంటారు, దాని బాధ్యుణ్ణి విచారణ గురువు అంటారు. నాకు ఆ మాట ఇష్టం, ఎందుకంటే పారిష్ అంటే భవనం కాదు, ఫలానా హద్దుల్లో ఉన్న మనుషుల బాగోగులు విచారించే బాధ్యత. సెయింట్ మార్టిన్ విచారణ కింద అయిదు పల్లెలు ఉండేవి: వారమ్ పెర్సీ, రెయిస్‌థార్ప్, బర్‌డేల్, టౌథార్ప్, థిక్సెన్‌డేల్. వీటిలో కొన్ని కూడా వారమ్ పెర్సీ లాగే ఖాళీ అయ్యాయి. థిక్సెన్‌డేల్ మాత్రం నిలిచింది. చర్చి పక్కన ఒక్క ఇల్లూ లేకపోయినా థిక్సెన్‌డేల్ జనానికి అదే తమ చర్చి. పెళ్ళికి ఆ లోయకే రావాలి, బాప్తిస్మానికి అక్కడికే రావాలి, శవపేటికను గుట్టలు దాటించి మూడు మైళ్ళు మోసుకుని అక్కడికే తేవాలి. శీతాకాలంలో, సుద్దమట్టి జారుతుండగా, ఆ దారిని ఊహించుకోండి. మూడున్నర శతాబ్దాలకు పైగా అలా తెచ్చారు. సమాధుల తోటలో ఇప్పుడు కనిపించే పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల రాళ్ళు అలా వచ్చిన మనుషులవే.

1870 నాటికి టాటన్ సైక్స్ అనే జమీందారు థిక్సెన్‌డేల్‌లోనే కొత్త చర్చి కట్టించాడు. ఆ ఊరివాళ్ళకు ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. కానీ దానితో సెయింట్ మార్టిన్‌కు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. 1949లో చివరి ఆరాధన జరిగింది. 1950లలో దొంగలు కప్పు మీది సీసపు రేకులు ఊడదీసుకుపోయారు, నీళ్ళు లోపలికి దిగాయి. ఆ దశాబ్దం చివర గాలివానకు గోపురం సగం కూలింది. మిగతా సగం నిట్టనిలువుగా కోసినట్టు నిలబడి ఉంది, లోపలి రాళ్ళు కనిపిస్తాయి. బెరెస్‌ఫర్డ్ మొదటిసారి వచ్చినప్పుడు ఆ చర్చికి కప్పు ఉంది, ఆరాధన ఉంది. అది శిథిలం అయింది తవ్వకాలు జరుగుతున్న కాలంలోనే. మధ్యయుగపు శిథిలమని మనం ఫోటో తీసుకునేది నిజానికి మా నాన్న వయసు శిథిలం.

కిందటి ఆదివారం సాయంత్రం ఆ ఫోటోలు అమ్మకు పంపించి ఫోన్ చేశాను. మూసేసిన కమానుల ఫోటో, సగం గోపురం, మిట్ట మీద ఇంటి పునాదుల గట్లు, వాటి మీద మేస్తున్న గొర్రెలు. ఇది ఏ చోటో, ఎన్నేళ్ళ కిందటిదో చెబుతూ పోయాను. అమ్మ మధ్యలో ఆపింది. చివరి ఫోటోను చూస్తున్నట్టుంది.

"ఆ గొర్రెలు ఎవరివి?" అంది.

నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్పమంది.